తాతారావు గారి గుప్పిట

రోహిణి కార్తె

ఈ రోజు నా పట్టీ మీద ఒక గీత ఆరిపోయింది.

పొద్దున్నే ఎండకి కరెంటు పుట్టించే పలకల మీద ఉప్పు గోకుతున్నాను. సముద్రం గాలికి రాత్రికి రాత్రే ఉప్పు పేరుకుంటుంది. ఎండ ఎక్కకముందే గోకెయ్యాలి. లేకపోతే గట్టిపడి పలకకి వెలుగు తగలదు, ఆ పూట ఊళ్ళో కరెంటు ఉండదు. సగం వరస అయ్యేసరికి మణికట్టు మీద పట్టీ జివ్వుమంది. చూస్తే మూడు పచ్చ గీతల్లో నడిమిది లేదు. ఒక్కో గీతా నాకొచ్చిన ఒక్కో పని. అది వల అల్లే గీత. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని.

వెంటనే పట్టీలోంచి పెద్దలెక్క గొంతు, ఊళ్ళో ఎవరికి ఏ పనో లెక్కగట్టే యంత్రం అది. ఎప్పుడు మాట్లాడినా పెళ్ళికి పిలవడానికి వచ్చినట్టే ఉంటుంది దాని ధోరణి.

“శుభోదయం వీరవేణి గారూ! వలలు అల్లే పని ఇకనుంచి యంత్రాలు చూసుకుంటాయి. మీకు కొత్త నైపుణ్యం నేర్చుకునే చక్కటి అవకాశం వచ్చింది. నేర్చుకోండి, మీ ఉద్యోగానికి భద్రత, మీ భవిష్యత్తుకు భరోసా!”

దాని నోరు పడిపోను. మూడు గీతలున్నవాళ్ళే సముద్రపు గట్టు లోపల ఉండాలి. రెండే మిగిలితే, పునర్వసు కార్తె దాటేలోపు మూడోది సంపాదించుకోవాలి. లేదంటే శనివారం పడవ ఎక్కాలి. ఆ పడవ బయటి లంకలకి వెళుతుంది. అక్కడ గట్టు లేదు, మంచినీళ్ళు లేవు. పోటు వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి సముద్రం వస్తుంది. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చిన మనిషిని నేను చూడలేదు.

మా ఆయన సూరిబాబుకి మూడు గీతలూ నిక్షేపంగా ఉన్నాయి. ఊరి వంటశాలలో పని. ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, గీత పోయిన చోట బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత, “నువ్వెల్లిపోతే నా వంటని తిట్టేవోళ్ళెవరే?” అన్నాడు. నవ్వించాలని చూశాడు పాపం. నాకు ఏడుపు వచ్చింది.

ఇలా రాయడం కూడా ఒకప్పుడు నా గీతే. దాన్ని ఎప్పుడో తీసేశారు. చెయ్యి మరిచిపోతుందేమోనని కార్తెకోసారి రాసుకుంటూ ఉంటాను.

మృగశిర

లాకు దగ్గర ఒక ఖాళీ ఉందట. నేర్పేవాడు దొరకాలి, అంతే.

దొరకడమే కష్టం. మా ఊళ్ళో ఎవరూ ఊరికే నేర్పరు. తనకొచ్చిన పని పక్కవాడికి వచ్చిందంటే తన గీతకి చేటు. కానీ లాకు తాతారావు గారికి కూడా ఒక గీత పోయింది. మోకాళ్ళు పనిచెయ్యక నీటి బోదెలు తవ్వే గీత పోగొట్టుకున్నాడు. ఎవరికైనా పని నేర్పి పరీక్ష గట్టెక్కిస్తే ఆయనకి నేర్పించే గీత వస్తుంది. అందుకని నేను అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇద్దరం మునిగిపోతున్నవాళ్ళమే, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

“చూడమ్మాయ్, అయిదు తలుపులు. ఊళ్ళో పడ్డ వానా, ఏటి వరదా అన్నీ ఈటిలోంచే సముద్రానికి పోవాలి. పోటు వత్తే దించాలి, పోటు తీత్తే గానీ లోపలి నీళ్ళు పోటుని మించితే గానీ ఎత్తాలి. అంతే పని,” అన్నాడు మొదటి రోజున.

“అంతేనా బాబాయిగారూ?”

“అంతే అయితే నన్నెందుకుంచుతారు? మూడో తలుపు ఉంది కదా, అది అన్నిటికన్నా పెద్దది. దానికి పొగరు.”

గొలుసుకి గ్రీజు పెట్టడం, చక్రం తిప్పడం, గాడిలో చిక్కుకున్న తుక్కు తియ్యడం నేర్పుతున్నాడు. ఒళ్ళు హూనమవుతోంది. అయినా ఆయన చెప్పే తీరు బాగుంటుంది. తప్పు చేస్తే అరవడు, చుట్ట తీసి నోట్లో పెట్టుకుని అటు తిరుగుతాడు. అది చూసి నేనే సర్దుకుంటాను.

ఆరుద్ర

ముందుగానే ఓ చిన్న వరద తగిలింది. అదే సమయానికి పౌర్ణమి పోటు. లోపల నీళ్ళు పెరుగుతున్నాయి, మూడో తలుపు కదలలేదు. ముగ్గురం చక్రం మీద పడి వేలాడినా గాడిలోంచి జానెడు కూడా లేవలేదు. కింది వీధిలో మోకాలి లోతు వచ్చింది. ఆడవాళ్ళు పిల్లల్ని మంచాల మీదకి ఎక్కిస్తున్నారు, కేకలు వినపడుతున్నాయి.

లాకు మేస్త్రీ వరహాలు గారికి చెమటలు పట్టాయి. తాతారావు గారు మాత్రం నింపాదిగా, “అందరూ పోయి పడవలు గట్టిగా కట్టండి. ఇక్కడ ఎవరూ ఉండకూడదు. అమ్మాయ్, నువ్వు కూడా,” అన్నాడు.

అందరూ మారు మాట లేకుండా వెళ్ళారు. నేనూ వెళ్ళాను. కొంతసేపటికి గొలుసు చప్పుడు వినిపించింది. పరిగెత్తుకొచ్చి చూస్తే మూడో తలుపు పైకి లేచి ఉంది, నీళ్ళు సముద్రంలోకి ఉరకలేస్తున్నాయి. ఆయన మెట్లు దిగి వస్తున్నాడు. ఆయన దగ్గర చుట్ట వాసన.

“ఏం చేశారు బాబాయిగారూ?”

గుప్పిట మూసి చూపించి నవ్వాడు. ఇక అడగకూడదు. అది మా ఆచారం. ఎవరు ఏ పని నేర్పినా ఒక్కటి గుప్పిట్లో ఉంచుకుంటారు. ఊరొదిలి పోయేటప్పుడో ప్రాణం పోయేటప్పుడో గుప్పిట విప్పి చెబుతారు. దీన్ని ఎవరూ తప్పనుకోరు. సూరిబాబు పులుసులో చివర ఏదో వేస్తాడు, ఏమిటో వంటశాలలో ఎవరికీ తెలియదు. కట్టుకున్నదాన్ని, నాకే చెప్పలేదు. అడిగితే గుప్పిట చూపించి కన్నుగీటుతాడు.

పునర్వసు

గట్టెక్కాను. పెద్దలెక్క ఎదుట చక్రం తిప్పాను, గొలుసు బిగించాను, తలుపులు దించి ఎత్తాను. పట్టీ మీద కొత్త గీత వెలిగింది. “అభినందనలు! మీ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉంది,” అంది పెద్దలెక్క. నిజమే కాబోలు అనిపించింది ఆ క్షణాన.

తాతారావు గారు లాకు మెట్ల మీద నిలబడి గుప్పిట చాపాడు. నేను వంగి ఆ గుప్పిటని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. శిష్యరికం ముగిసినట్టు. వంటశాల నుంచి సూరిబాబు గిన్నెడు పులుసు పట్టుకొచ్చి అందరికీ పోశాడు. చాలాకాలం తర్వాత ఆ పూట మనసారా నవ్వాను.

పుష్యమి

ఏం ఊరిది.

పెద్దలెక్క కొత్త లెక్క తీసింది. లాకుకి ఇక నలుగురు చాలట. ఉన్నది అయిదుగురం. ఎవరు చక్రాన్ని అందరికన్నా తక్కువ మలుపులు తిప్పారో వాళ్ళ గీత తీసేస్తుందట. వెతకాల్సిన పనేముంది, తాతారావు గారే. మేమందరం చక్రంతో కుస్తీ పడుతుంటే ఆయన ఒక్కో పూట మెట్ల మీద కూర్చునే గడిపేవాడు. లాకు గీత పోయింది. నేర్పించే గీత వచ్చీ ఫలం ఏముంది, మళ్ళీ రెండే అయ్యాయి. ఆయన వయసువాళ్ళకి రెండోసారి గడువు ఇవ్వరు.

శనివారం రేవుకి వెళ్ళాను. ఒక సంచీ, ఒక దుప్పటి, అంతే ఆయన సామాను. వరహాలు గారు కూడా వచ్చాడు, బాధపడి కాదు.

“తాతారావూ, ఎల్లిపోతన్నావు కదా. ఆనవాయితీ ప్రకారం గుప్పిట విప్పి ఎల్లు.”

ఆయన గుప్పిట విప్పలేదు. చెయ్యి జేబులోంచి తియ్యనేలేదు.

“మఖలో వరదొత్తాది. మూడో తలుపు బిగుసుకుంటాది. అప్పుడు పడవ పంపి నన్ను తీసుకెల్దురుగాని. నా గీత నాకిచ్చేత్తే అప్పుడు విప్పుతాను,” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “నువ్వేం ఏడవకమ్మాయ్. నీ తప్పు కాదు. తీసుకొత్తారు చూడు,” అన్నాడు.

నాకు నేర్పకపోయి ఉంటే అయిదో మనిషి ఉండేది కాదు కదా. పడవ వెళ్ళేదాకా గట్టు మీదే నిలబడ్డాను.

మఖ

రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమావాస్య పోటు, దాంతోపాటే ఏటి వరద. వాన తెరిపివ్వలేదు. తెల్లారేసరికి కింది వీధి మోకాళ్ళ దాకా మునిగింది. నాలుగు తలుపులు కష్టం మీద లేచాయి. మూడోది కదలలేదు.

ఇలాంటప్పుడు తాతారావు గారు అందరినీ పంపించి ఏదో చేసేవాడని అందరికీ తెలుసు. ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. ఒకరు గొలుసులో ఏదో మెలిక ఉందన్నారు. ఇంకొకరు తలుపు నడిమిన కొట్టే చోటు ఒకటి ఉందన్నారు. వరహాలు గారు పెద్ద సుత్తులూ జాకీలూ తెప్పించాడు. ఊళ్ళో మగవాళ్ళందరినీ మోకు లాగడానికి పిలిచారు. వంటశాల నుంచి సూరిబాబు కూడా వచ్చాడు, నడుముకి తువ్వాలు బిగించుకుని.

నేను పట్టీ నోటి దగ్గర పెట్టుకుని, తాతారావు గారిని వెనక్కి పిలిపించమని పెద్దలెక్కని బతిమాలాను.

“లాకు నైపుణ్యంలో ప్రస్తుతం తగినంతమంది ఉన్నారు. మీ శ్రద్ధకి ధన్యవాదాలు!”

“తగినంతమందిమి ఉండి ఏడుస్తున్నాం!” అని అరిచాను. దానికి అరుపు వినపడదు.

ఇక ఆగలేక, “నేనే వెళ్ళి అడిగొస్తాను. అప్పటిదాకా దాని జోలికి పోకండి,” అన్నాను. వరహాలు గారు నన్ను ఎగాదిగా చూసి, “ఆ ముసలోడు చెప్తే నీకొక్కదానికే చెప్తాడు. ఆ తర్వాత నువ్వు మాకు చెప్తావేంటి?” అన్నాడు. సూరిబాబు మాత్రం రేవుదాకా వచ్చి పడవ తోశాడు. “బేగొచ్చెయ్యి. పులుసు పొయ్యి మీదెట్టి వచ్చాను,” అన్నాడు.

దగ్గరి లంక గట్టు మీంచి కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఆ నీళ్ళలో చేరేసరికి చేతులు పడిపోయాయి. తాతారావు గారు తాటాకు పాకలో, మంచం కింద నీళ్ళు ఆడుతుంటే, దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. సగమయ్యాడు మనిషి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

“వచ్చావా! చెప్పానా, తీసుకొత్తారని. గీత ఇచ్చారా?”

అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో. నాకు చాతకాలేదు. “ఇవ్వలేదు బాబాయిగారూ. పెద్దలెక్క ఒప్పుకోలేదు. నేనే వచ్చాను. మూడో తలుపు బిగుసుకుపోయింది, కింది వీధి మునుగుతోంది.”

ఆయన దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి, నా ఎదురుగా గుప్పిట విప్పాడు.

“ఏం లేదమ్మాయ్.”

“ఏం లేకపోవడమేంటండీ?”

“పోటూ వరదా రెండేపులా పట్టినప్పుడు తలుపు కింద ఒండ్రు బిగుసుకుంటాది. అప్పుడు ఏనుగుల్ని కట్టి లాగినా రాదు. పోటు తియ్యగానే ఆ ఒండ్రు దానంతటదే కడుక్కుపోతాది. అప్పుడు ఒంటిచేత్తో తిప్పినా లేత్తాది. అందాకా ఊరుకోవాలి. నేను అందర్నీ పంపేసి మెట్ల మీద చుట్ట కాల్చుకుంటా కూచునేవోణ్ణి. కింది వీధిలో నీళ్ళు మోకాలు దాటి నడుము దాకా వత్తాయి, జనం గోల పెడతారు. అంతకన్నా ఏం కాదు. మా గురువు నాకు చెప్పిందీ ఇదే.”

“మరి మాకెందుకు చెప్పలేదు?”

“ఊరికే కూచోడమే నా పని అని చెప్తే ఆరోజే పడవెక్కించేవోళ్ళు కదమ్మా.”

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, ఏది ముందో తెలియలేదు. ఆయన్ని కూడా పడవలోకి రమ్మన్నాను. పడవెక్కించేటప్పుడే పట్టీ తీసేసుకుంటారు, పట్టీ లేని మనిషిని రేవులో దిగనివ్వరని ఆయనకీ తెలుసు. “ముందు నువ్వెల్లు. దాన్ని కొట్టనియ్యకు,” అన్నాడు. తిరుగు దారిలో అప్పుడే పోటు తియ్యడం మొదలైంది. పడవ కింద నీళ్ళు సముద్రంవైపు జారడం తెలుస్తూనే ఉంది. ఆగండి, ఆగండి అని గాలికి చెబుతూ తెడ్డు వేశాను.

గట్టు కనిపించే దూరంలో ఉండగా ఆ చప్పుడు వినిపించింది.

జాకీలు పెట్టి లేపారు. నడిమిన సుత్తులతో కొట్టారు. తలుపు చీలి, గొలుసు తెగింది. తెగిన గొలుసు మోకు లాగేవాళ్ళ వరస మీద పడింది. సూరిబాబు ముందు వరసలో ఉన్నాడు.

నేను వెళ్ళేసరికి మెట్ల మీద పడుకోబెట్టారు. నడుముకి తువ్వాలు అలాగే ఉంది. పక్కనే చీలిన తలుపు, కింద ఒండ్రు కడుక్కుపోయి, తనంతట తనే వదులై నీళ్ళలో ఊగుతోంది.

పుబ్బ

ఆ సాయంత్రం పోటుకి దించడానికి తలుపు లేదు. కింది వీధి ఇప్పుడు సముద్రం. ఆ వీధివాళ్ళలో బతికినవాళ్ళని మా వీధిలో సర్దారు. రెండు గీతలవాళ్ళని మాత్రం పడవ ఎక్కించారు.

పెద్దలెక్క నన్ను పలకరించింది. “మీ నష్టానికి చింతిస్తున్నాం. వంటశాలలో ఒక ఖాళీ ఏర్పడింది. మీకు ఆసక్తి ఉందా?”

పట్టీని రాయికేసి కొట్టాను. అది పగలదు, నా చెయ్యే వాచింది.

వంటశాలకి వెళ్ళాను, ఆకలేసి. పులుసు పోశారు. అదే చింతపండు, అదే ఉప్పు. చివర వేసేది లేదు. అదేమిటో ఇక ఎవరికీ తెలియదు. గిన్నె ముందు పెట్టుకుని అక్కడే ఏడ్చాను.

ఆ తర్వాతే నిశ్చయించుకున్నాను. గట్టు మీద అందరూ కూడినప్పుడు గుప్పిట చాపి, అందరూ చూసేలా విప్పాను. తాతారావు గారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పోటు తీసేదాకా తలుపు ముట్టుకోవద్దు, ఊరుకోవాలి, అదొక్కటే అన్నాను.

వరహాలు గారు లేచి, “మొగుడు పోయినా అసలు సంగతి బయట పెట్టలేదు చూశారా. ఊరుకోవడమంట! ఊరుకోడానికి మేస్త్రీలెందుకు?” అన్నాడు. కొందరు నవ్వారు కూడా. ఇంకొకామె నా భుజం తట్టి, “నీకూ బతుకుండాలి కదమ్మా, మాకు తెలుసులే,” అంది. జాలిగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పెద్దలెక్కకి కూడా చెప్పాను. “ఆగడాన్ని కొలిచే విధానం లేదు. ఖాళీ సమయంగా నమోదు చేశాను,” అంది.

హస్త

కొత్త తలుపు బిగించారు. పాతదానికన్నా బరువు. గోడకి మేకులు కొట్టి కొత్త సుత్తులు వరసగా తగిలించారు, ఇంతకు ముందుకన్నా పెద్దవి. లాకు నేర్చుకునేవాళ్ళకి ఇప్పుడు సుత్తి వెయ్యడం కూడా పరీక్షలో పెట్టారు. దానికి మలుపుల కన్నా ఎక్కువ విలువ ఇస్తోంది పెద్దలెక్క.

ఆ గొలుసు దెబ్బకి లాకు దగ్గర ఒక మనిషి తక్కువైంది, నేర్పమని నాకు అప్పగించారు. అప్పగించిన పని కాబట్టి దీనికి నేర్పించే గీత రాదట. శిష్యురాలి పేరు మేరీకుమారి. కింది వీధి పిల్ల. ఇల్లు పోయింది, ఒక గీత పోయింది. చురుకైనది, చెప్పింది ఇట్టే పట్టుకుంటుంది. ఏమీ దాచకుండా నేర్పాను. గ్రీజు, గొలుసు, గాడి, అన్నీ. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మాత్రం ఒకటే: మూడో తలుపు బిగుసుకుంటే సుత్తి జోలికి పోకు, అందరినీ పంపేసి మెట్ల మీద కూర్చో.

“ఆయ్, అలాగేనక్కా,” అనేది ప్రతిసారీ. సుత్తి మాత్రం రోజూ సాధన చేసేది.

మలుపుల్లో ఈ కార్తెలో అందరికన్నా నావే తక్కువ. వచ్చే లెక్కలో నా గీత ఉండదని నాకు తెలుసు. ఆరిపోయేలోపు ఇది ఒక్కరికైనా ఎక్కితే చాలనుకున్నాను.

ఈ రోజు మేరీకుమారి పరీక్ష గట్టెక్కింది. పట్టీ మీద గీత వెలగగానే సంతోషంతో ఏడ్చేసి, మెట్ల మీద నా ఎదురుగా వచ్చి నిలబడింది, ఆనవాయితీ కోసం. నేను గుప్పిట చాపలేదు. అరచెయ్యి పూర్తిగా తెరిచి ముందుకు పెట్టాను.

“చూడవే, ఏమీ లేదు. నీకు చెప్పిందే మొత్తం. దేవుడి మీద ఒట్టు.”

ఆ పిల్ల నా చేతివైపు చూసింది, తర్వాత నా మొహంవైపు చూసింది. అర్థమైనట్టు చిన్నగా నవ్వింది.

“పర్లేదక్కా. మీరు ఎల్లేటప్పుడే చెబుదురుగాని,” అంది.

తర్వాత నా వేళ్ళని ఒక్కొక్కటే జాగ్రత్తగా మడిచి, గుప్పిట మూసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది.